యూట్యూబ్‌లో పెట్టేస్తే పోయేదిగా అనే వాళ్ళకి

ప్రతి ఏడాదీ స్ప్రింగ్ మ్యూజికల్ (వసంతకాలంలో స్కూలు పిల్లలు వేసే పాటల నాటకం) టికెట్లు అమ్మకానికి పెట్టగానే మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న. "ఆన్‌లైన్‌లో చూడ్డానికి కూడా టికెట్టా? యూట్యూబ్‌లో పెట్టేస్తే పోయేదిగా, ఇండియాలో అమ్మావాళ్ళు కూడా చూసేస్తారు." అడిగేది ఎక్కువగా మనవాళ్ళే. అందులో తప్పేం లేదు, న్యూజెర్సీలో మా చుట్టుపక్కల స్కూళ్ళ డ్రామా క్లబ్బుల్లో తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు, వాళ్ళ అమ్మమ్మలు తాతయ్యలేమో గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటారు, మనవరాలు స్టేజీ ఎక్కితే చూడాలని ఎవరికుండదు. ప్రతిసారీ గ్రూపులో ముక్కలు ముక్కలుగా జవాబు టైప్ చేసే ఓపిక లేక ఒక్కసారే ఇక్కడ రాసి పెడుతున్నా, వచ్చే ఏడాది అడిగిన వాళ్ళకి ఈ లింకు పడేస్తా. నేను థియేటర్ మనిషిని కాదు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, మా అమ్మాయి డ్రామా క్లబ్బులో చేరాక నేను బూస్టర్ క్లబ్బులో (డ్రామా క్లబ్బుకి సాయం చేసే తల్లిదండ్రుల సంఘం) వాలంటీర్‌ని అయ్యాను, "మీరు ఐటీ కదా" అంటూ స్ట్రీమింగ్ పని నాకు అంటగట్టారు.

ముందు హక్కుల సంగతి చెప్తాను, సగం ప్రశ్నలు ఇక్కడే తేలిపోతాయి. మన పిల్లలు వేసే మ్యూజికల్ స్కూలు సొంతం కాదు. ఎంటీఐ, కాంకర్డ్ థియేట్రికల్స్ లాంటి లైసెన్సింగ్ కంపెనీల దగ్గర ఎన్ని ప్రదర్శనలు వేస్తామో ముందే చెప్పి డబ్బు కట్టి తెచ్చుకుంటారు. ఆ కాగితంలో ఉండేది ఫలానా హాల్లో, ఫలానా తేదీల్లో, ఇన్ని సార్లు స్టేజీ మీద ఆడుకోవచ్చు అన్న మాట ఒక్కటే. రికార్డు చేసుకోవడానికి వేరే అనుమతి కావాలి. ఇంటర్నెట్‌లో చూపించడానికి ఇంకో లైసెన్సు. మూడూ ఒకటే అనుకుని కెమెరా పెట్టేసిన స్కూళ్ళు బోలెడు. డబ్బు కడతామన్నా కొన్ని షోలకి స్ట్రీమింగ్ హక్కు అసలు దొరకదు. మ్యూజికల్ అంటే కథ ఒకరిది, పాటలు ఇంకొకరివి, సంగీతం మరొకరిది, అది ఏ సినిమా ఆధారంగానో వచ్చిందైతే ఆ స్టూడియో కూడా ఉంటుంది. వీళ్ళలో ఒక్కరు కాదన్నా లైసెన్సింగ్ కంపెనీ చేతులెత్తేయాల్సిందే. మా క్లబ్బులో పిల్లలు ఏదో ఒక టైటిల్ మీద మనసు పడి, ఆడిషన్ పోస్టర్లు కూడా వేసేశాక, "దీనికి స్ట్రీమింగ్ లేదు" అని మెయిల్ వస్తే ఆ ముఖాలు చూడలేం, అందుకే మా డైరెక్టర్ ఇప్పుడు టైటిల్ ఖాయం చేసే ముందే ఆ ప్రశ్న అడిగేస్తారు.

దొరికే చోట కూడా స్ట్రీమింగ్‌లో రకాలున్నాయి. స్టేజీ మీద జరుగుతుండగానే చూపించేది లైవ్. ముందే రికార్డు చేసి ఫలానా రోజు ఫలానా టైముకి సినిమా ఆట వేసినట్టు వేసేది రెండోది. ఇక మూడోది ఆన్ డిమాండ్, టికెట్ కొన్నవాళ్ళు ఆ గడువులో ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఒకదానికి అనుమతి ఉంటే మిగతా రెండిటికీ ఉన్నట్టు కాదు. పైగా చాలా షోలకి వాళ్ళు ఒప్పుకున్న టికెటింగ్ ప్లాట్‌ఫామ్ మీదే నడపాలి, ఎన్ని టికెట్లు అమ్మారో లెక్క వాళ్ళకి తెలియాలి. ఇక యూట్యూబ్ మాట ఎక్కడిది. కావాలంటే లైసెన్సు తీసి చదవండి, చాలావాటిలో పబ్లిక్ వీడియో సైట్లలో పెట్టకూడదని విడిగా ఒక లైనే ఉంటుంది.

"స్కూలు పిల్లల ప్రోగ్రామ్ కదా, చదువు కింద వస్తుందిగా" అని కొందరు లాజిక్ తీస్తారు. అమెరికా చట్టంలో ఆ మినహాయింపు క్లాస్‌రూమ్‌లో టీచరు, పిల్లలు ఎదురెదురుగా ఉండి పాఠంలో భాగంగా చేసేదానికి. రాత్రి 7 గంటలకి ఆడిటోరియంలో టికెట్ పెట్టి వేసే మ్యూజికల్ అందులోకి రాదు. ఇండియాలో 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో స్కూళ్ళ మీద కాస్త దయగానే ఉంది. సెక్షన్ 52లో, విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా టీచర్లు, పిల్లలు నాటకం వేస్తే, చూసేవాళ్ళు ఆ స్కూలు స్టాఫ్, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, స్కూలు పనులతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు అని ఉంది. చూసేవాళ్ళు ఎవరన్నదే అక్కడ కీలకం. హైదరాబాద్‌లో ఏ స్కూలైనా యాన్యువల్ డేని పబ్లిక్ లింకుతో ప్రపంచానికంతా వదిలితే ఈ మినహాయింపు చెప్పుకోవడం కష్టం.

హక్కుల గొడవే వద్దనుకుంటే దారి లేకపోలేదు. అమెరికాలో ప్రచురణ జరిగి 95 ఏళ్ళు దాటిన రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. షేక్‌స్పియర్ ఎలాగూ ఉన్నాడు, గిల్బర్ట్, సలివాన్‌ల పాటల నాటకాలు 19వ శతాబ్దానివి. మనవైపు చూస్తే రచయిత పోయాక 60 ఏళ్ళు లెక్క, గురజాడ 1915లో పోయారు, కాబట్టి కన్యాశుల్కం ఏ స్కూలైనా నిక్షేపంగా వేసుకోవచ్చు, స్ట్రీమ్ చేసుకోవచ్చు. ఒకటే మెలిక. పాత నాటకానికి ఎవరో ఈమధ్య కుదించి రాసిన స్కూల్ వెర్షన్ వాడితే ఆ కుదింపు మీద వాళ్ళకి హక్కు ఉంటుంది, పాత పాటకి కొత్తగా రాయించిన ఆర్కెస్ట్రా నోట్స్ మీదా అంతే. నేపథ్య సంగీతంగా ఏదైనా సినిమా బిట్టు వేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

హక్కుల కంటే నాకు ముఖ్యంగా అనిపించేది పిల్లల సంగతి. ఆడిటోరియంలో కూర్చునేది ఆరేడు వందల మంది, దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ గదిలో ఒక పదమూడేళ్ళ పిల్లాడు డైలాగు మర్చిపోయి నిలబడిపోతే పక్కనున్న పిల్ల అందిస్తుంది, జనం చప్పట్లు కొడతారు, అక్కడితో అయిపోతుంది. అదే పబ్లిక్ వీడియోలో ఉంటే మర్నాటికి పన్నెండు సెకన్ల క్లిప్ అయి, కింద ఒక వెటకారపు క్యాప్షన్‌తో, క్లాసులో అందరి ఫోన్లలో తిరుగుతుంది. ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు, మిడిల్ స్కూల్లో పిల్లలున్న వాళ్ళెవరినైనా అడగండి. మనం టికెట్, లాగిన్, తాళాలు అంటూ ఇంత హైరానా పడేది ప్రధానంగా ఇందుకు. పైరసీ చేసేవాడు స్కూల్ మ్యూజికల్ కోసం కాచుక్కూచోడు.

అందుకే రిహార్సల్స్ మొదలైన వారంలోనే అనుమతి పత్రం ఇంటికి వస్తుంది. స్ట్రీమ్‌లో మా అబ్బాయి కనపడొచ్చా, పేరు ప్రోగ్రామ్ పీడీఎఫ్‌లో ఉండొచ్చా అని రెండు వేర్వేరు ప్రశ్నలు. దయచేసి చదివి సంతకం పెట్టండి, స్కూలు కాగితాలన్నిటి మీదా పెట్టినట్టు గీకేయకండి. 1974 నాటి ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత గురించిన అమెరికా చట్టం) ప్రకారం పిల్లల పేరు లాంటి వివరాలు బయటికి ఇవ్వొద్దని తల్లిదండ్రులు స్కూలుకి రాసి ఇవ్వొచ్చు, కొందరు ఇస్తారు కూడా. కారణాలు మనం అడగకూడదు. కోర్టులో కస్టడీ గొడవలు ఉండొచ్చు, ఆ పిల్ల ఏ ఊళ్ళో ఉందో ఒక మనిషికి తెలియకూడదన్న ఆర్డర్ ఉండొచ్చు. అలాంటి బిడ్డ ఒక్కరున్నా స్ట్రీమ్ ఆపేయాల్సిన పని లేదు గానీ ప్లాను మారుతుంది. డబుల్ క్యాస్ట్ (ఒకే వేషానికి ఇద్దరు పిల్లలు, రోజు మార్చి రోజు) ఉంటే రెండో క్యాస్ట్ ఆడే రోజు రికార్డు చేస్తారు, లేదా ఆ సీన్లలో కెమెరా ఎటు ఉండాలో ముందే కాగితం మీద రాసుకుంటారు. అదీ కుదరకపోతే పేరెంట్‌తో కూర్చుని మాట్లాడాలి. "వెనక వరసలో నిలబెడితే కనపడదులే" అని సర్దేయడం మాత్రం దారుణం, ఆ పిల్ల కూడా అందరిలాగే ఆడిషన్ ఇచ్చి వచ్చింది.

ఇండియాలో స్కూళ్ళు నడిపేవాళ్ళు, ఈవెంట్ వీడియోలు తీసేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూనూ, వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలని ఉంది. అడ్మిషన్ ఫారం కింద చిన్నక్షరాల్లో ఉన్న ఒక లైను చూపించి ఎంతకాలం నెట్టుకొస్తారో చూడాలి.

ఇక టికెట్. అన్‌లిస్టెడ్ లింకు (వెతికితే దొరకదు, లింకు ఉంటేనే తెరుచుకుంటుంది) అంటే భద్రత అనుకుంటారు చాలామంది. ఆ లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది, మన ఫ్యామిలీ గ్రూపుల సంగతి తెలిసిందే, ఒక పిన్నికి పంపితే సాయంత్రానికి మూడు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో ఉంటుంది. టికెట్ అంటే కొన్న మనిషి పేరు మీద ఒక కోడ్, ఆ కోడ్‌తో ఒక సమయంలో ఒక పరికరం మీదే ఆడుతుంది. లోపల జరిగేది మరీ బ్రహ్మవిద్యేం కాదు. వీడియోని కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా కోసి సర్వర్‌లో పెడతారు, మన ప్లేయరు ముక్క తర్వాత ముక్క అడుగుతూ పోతుంది, అడిగిన ప్రతిసారీ "ఈ టోకెన్ చెల్లుతుందా, గడువు అయిపోయిందా" అని సర్వర్ చూసుకుంటుంది. ముక్కల్ని ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవి టికెట్ ఉన్నవాళ్ళకే ఇస్తారు. ఇంకో మెట్టు పైకి వెళ్తే గూగుల్ వాళ్ళ వైడ్‌వైన్, యాపిల్ వాళ్ళ ఫెయిర్‌ప్లే లాంటి డీఆర్ఎం (వీడియో కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం) ఉంటుంది, అది ఉంటే చాలా ఫోన్లలో స్క్రీన్ రికార్డింగ్ పెట్టినా నల్లటి తెర మాత్రమే వస్తుంది.

అంతా చేశాక కూడా ఒకాయన సోఫాలో కూర్చుని టీవీకి ఎదురుగా ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తే ఏ టెక్నాలజీ ఆపలేదు. దానికి నాకు నచ్చిన మందు వాటర్‌మార్క్. తెర మీద ఓ మూల లేతగా, కాసేపటికోసారి చోటు మారుతూ, టికెట్ కొన్నవాళ్ళ ఈమెయిల్ కనబడుతుంది. డీఆర్ఎం కంటే ఇదే బాగా పనిచేస్తుందని నా నమ్మకం, తన మెయిల్ ఐడీ మీద పడి కనపడుతున్న వీడియోని ఎవరూ ఫేస్‌బుక్‌లో పెట్టుకోరు. చాట్, కామెంట్లు మేం ఎప్పుడూ ఆఫ్. "మా బంగారం సూపర్" అని రాసుకోవాలని అమ్మమ్మలకి ఉంటుంది, నాకు తెలుసు, కానీ ఆ కింద ఇంకెవరేం రాస్తారో చూస్తూ కూర్చోడానికి మాకు మనుషులు లేరు.

నన్నడిగితే స్కూలు నాటకానికి లైవ్ వద్దు. లైసెన్సు ఒప్పుకుంటే శుక్రవారం షో రికార్డు చేసి, ఆ పై శనివారం టైము పెట్టి వేసుకోవడం మంచిది. లైవ్‌లో ఏది జరిగితే అది వెళ్ళిపోయినట్టే. క్విక్ ఛేంజ్‌లో (సీన్ల మధ్య గబగబా డ్రెస్ మార్చుకునేటప్పుడు) జిప్పు పెట్టుకోకుండా పరిగెత్తుకొచ్చిన పిల్ల ఉంటుంది, మైకు ఆఫ్ చేయడం మర్చిపోతే తెర వెనక నుంచి "ఒరే నా షూ ఏది" అన్నది ఇంగ్లీషులోనో తెలుగులోనో వినపడుతుంది (ఒకసారి తెలుగులోనే వినపడింది, ఎవరబ్బాయో చెప్పను, డైరెక్టర్‌కి అర్థం కాలేదు కాబట్టి బతికిపోయాడు). రికార్డింగ్ అయితే సరిచేసుకోవచ్చు. ఎడిటింగ్ ఎంతవరకు చేయొచ్చో కూడా లైసెన్సులో చూసుకోవాలి, సీన్లు తీసేయడం కుదరదు, ఒక మైకు తగ్గించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పైగా సౌండు బాగుచేసుకునే టైము దొరుకుతుంది.

ఈ సౌండు గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే డబ్బు పెట్టి చూసినవాళ్ళు తిట్టుకునేది దాదాపు ఎప్పుడూ దీని గురించే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. పాట వినపడకపోతే పది నిమిషాల్లో కట్టేస్తారు. కెమెరాకున్న మైకుతో తీస్తే స్టేజీ మీద పిల్లలు ఏదో బావిలో నుంచి మాట్లాడుతున్నట్టు, ముందు వరసలో ఒకావిడ చిప్స్ ప్యాకెట్ మాత్రం మన చెవిలోనే విప్పుతున్నట్టు ఉంటుంది. సరే అని సౌండ్ బోర్డు (మైకులన్నిటి శబ్దం కలిపే మిక్సర్) నుంచి నేరుగా వైరు తీసుకుంటారు, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు ఇంకో తమాషా. హాల్లో ఆర్కెస్ట్రా పిట్‌లోనే (స్టేజీ ముందు కిందగా ఉండే చోటు) ఉంటుంది, డ్రమ్స్, ట్రంపెట్లు వాటంతట అవే గదంతా మోగిపోతుంటాయి, కాబట్టి బోర్డు దగ్గరున్న పిల్లాడు వాటిని స్పీకర్లలోకి పెద్దగా పంపడు, గొంతులు మాత్రమే పెంచుతాడు. హాల్లో కూర్చున్నవాళ్ళకి అంతా సమంగానే ఉంటుంది. అదే మిక్స్, అంటే అవే పాళ్ళలో కలిపిన సౌండు, ఆన్‌లైన్‌లో వింటే గొంతులు ఫెళఫెళలాడుతూ వినిపిస్తాయి, బ్యాండు ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుంటుంది, పిల్లలు శ్రుతి తప్పిన ప్రతి చోటా పట్టుబడిపోతారు. పాపం వాళ్ళు అంత ఘోరంగా పాడలేదు.

అందుకని స్ట్రీమ్‌కి వేరే మిక్స్ కావాలి. చాలా బోర్డుల్లో మ్యాట్రిక్స్ అని విడి అవుట్‌పుట్ ఉంటుంది, హాలు సౌండు కదపకుండా ఇందులో మనకి కావాల్సిన పాళ్ళు పెట్టుకోవచ్చు. పిట్‌లో రెండు మైకులు అదనంగా, అవి హాలు స్పీకర్లలోకి పోకుండా స్ట్రీమ్‌కి మాత్రమే. ప్రేక్షకుల నవ్వులు, చప్పట్లు పట్టడానికి ఇంకో రెండు. నవ్వులు లేకపోతే కామెడీ సీను శ్మశానంలా ఉంటుంది, జోకు పేలిందో లేదో ఇంట్లో కూర్చున్న మనిషికి తెలీదు. కానీ హాలు వెనక, స్టేజీకి 20 మీటర్ల దూరంలో మైకు పెడితే అక్కడికి శబ్దం చేరడానికి దాదాపు 60 మిల్లీసెకన్లు పడుతుంది, వైరు మీద వచ్చేదేమో అప్పటికే వచ్చేసి ఉంటుంది, రెండూ కలిపితే ప్రతి మాటకీ తోక మిగులుతుంది. బోర్డు నుంచి వచ్చేదాన్ని ఆ మేరకు ఆలస్యం చేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈ సర్దుబాటు చేస్తుండగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్న పదో తరగతి పిల్ల ముఖం చూశాను, అప్పటిదాకా నొసలు ముడేసి, తల ఒక పక్కకి వంచి వింటోంది, ఫేడర్ పక్కన అంకె మారుతుండగా ఒకచోట ఠక్కున చెయ్యెత్తి "స్టాప్, దేర్" అంది. నేను కూడా విన్నాను, నిజమే, తోక పోయింది. ఆ పిల్ల ఇప్పుడు సౌండ్ ఇంజనీరింగ్ కాలేజీలు వెతుక్కుంటోంది, వాళ్ళమ్మ నన్ను చూస్తే ముఖం తిప్పేసుకుంటుంది, వాళ్ళు ప్రీ మెడ్ (డాక్టర్ చదువుకి ముందు చదివేది) అనుకున్నార్ట.

కెమెరా విషయంలో ఒక్క మాట చాలు, ఆటో అన్నది ఏదీ వద్దు. స్టేజీ చీకటైతే ఆటో ఎక్స్‌పోజర్ తనంతట తానే వెలుగు పెంచేస్తుంది, స్పాట్‌లైట్ పడగానే ముఖం తెల్ల కాగితం అయిపోతుంది. ఇంటర్నెట్‌కి స్కూల్ వైఫైని నమ్ముకోవద్దు, వైరు కనెక్షన్ అడగండి, స్కూల్ డిస్ట్రిక్ట్ ఐటీ వాళ్ళతో కనీసం రెండు వారాల ముందు మాట్లాడండి, స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ వాడే పోర్టుల్ని స్కూళ్ళ ఫైర్‌వాల్స్ సాధారణంగా మూసేసి ఉంచుతాయి. 1080పీ వీడియోకి ఐదారు ఎంబీపీఎస్ చాలు గానీ అప్‌లోడ్ దానికి రెట్టింపైనా ఉంటే నిశ్చింత. ఫోన్ హాట్‌స్పాట్ ఉందిగా అంటారు. మధ్యాహ్నం ఖాళీ హాల్లో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రాత్రికి ఆరేడు వందల ఫోన్లు అదే గదిలోకి వచ్చాక చూడండి.

ఇండియాలో చూసేవాళ్ళ కష్టాలు వేరు, వాటి గురించి ఇంగ్లీషులో ఎక్కడా రాసి ఉండదు. ముందు, లైసెన్సులో దేశం పరిమితి ఉందేమో కనుక్కోండి. కొన్నిటికి ఉంటుంది, అప్పుడు బయటి దేశంలో అది తెరుచుకోదు, వీపీఎన్ పెట్టి చూడమని నన్ను అడక్కండి. పరిమితి లేదనుకుందాం, అప్పుడు టికెట్ కొనడం. మన పెద్దవాళ్ళ డెబిట్ కార్డులు ఇక్కడి సైట్లలో చాలావరకు పనిచేయవు. 2020 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి, విదేశీ లావాదేవీ కావాలంటే మనమే ఆన్ చేయించుకోవాలి. యూపీఐ ఈ సైట్లలో ఉండదు. కాబట్టి మీరే కొని ఇవ్వండి, కాకపోతే టికెట్ కొనేటప్పుడే మీ మెయిల్ కాకుండా వాళ్ళ మెయిల్ ఇవ్వండి, మీది ఇచ్చి తర్వాత ఫార్వర్డ్ చేస్తే కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో కోడ్ మీ మెయిల్‌కే అడుగుతుంది, మీరేమో ఆ టైముకి ఆడిటోరియంలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఉంటారు.

తర్వాత టైము. ఇక్కడ శుక్రవారం రాత్రి 7 అంటే అక్కడ శనివారం తెల్లవారుజాము. ఐదున్నరా, నాలుగున్నరా అన్నది మార్చి రెండో ఆదివారానికి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడ గడియారాలు ముందుకి జరిపేది ఆ రోజే. స్కూల్ మ్యూజికల్స్ చాలావరకు సరిగ్గా ఆ నెలలోనే ఉంటాయి. టికెట్ మెయిల్‌లో ఇక్కడి టైమే ఉంటుంది, కాబట్టి ఇండియా టైము రోజుతో సహా మీరే వాట్సాప్‌లో రాసి పంపండి, "శనివారం తెల్లారుజామున 4:30, అంటే శుక్రవారం రాత్రి పడుకుని లేచాక" అని. నవ్వొద్దు, ఆ రెండో ముక్క అవసరం. రికార్డు చేసిన ఆటైతే ఈ గోలేమీ ఉండదు. గడియారాలు జరిపాక ఇక్కడ శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి వేస్తే అక్కడ రాత్రి 7 అవుతుంది, భోజనాల ముందు హాయిగా చూసుకుంటారు. మేం రికార్డింగ్ వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం, మీటింగులో ఈ మాట ఎత్తింది నేనే, ఇండియా వాళ్ళ టికెట్లు ఎన్ని అమ్ముడవుతున్నాయో చూపిస్తే బూస్టర్ క్లబ్బులో ఇంకెవరూ మాట్లాడలేదు.

మా నాన్నది తెనాలి. చిన్నప్పుడు పద్యనాటకాలు నేల టికెట్ మీద చూసిన మనిషి, మైకు పట్టుకుని రాగం తీస్తే "వన్స్ మోర్" అని అరిచిన బ్యాచ్. మొదటిసారి లైవ్ పెట్టిన ఏడాది ఆయన నాలుగింటికే లేచి కాఫీ తాగి కూర్చున్నారు. పని చేస్తోందో లేదో చూద్దామని ముందు ఫోన్లో తెరిచారు, ఆడుతోంది, సంతోషించి టీవీలో పెట్టారు, "ఈ కోడ్ వేరే పరికరంలో వాడుకలో ఉంది" అని వచ్చింది. నాకు ఫోన్. నేను సౌండ్ బూత్‌లో హెడ్‌ఫోన్స్‌తో ఉన్నా.

"ఏమ్మా, మీవాళ్ళు నన్ను బయటికి నెట్టేశారు."

"నాన్నా, ఫోన్లో పేజీ మూసేయి. వెనక్కి రావడం కాదు, పూర్తిగా మూసేయి. రెండు నిమిషాలాగి టీవీలో మళ్ళీ కొట్టు."

"రెండు నిమిషాల్లో పిల్ల పాట అయిపోతే?"

"అవదు, దాని పాట రెండో అంకంలో."

అలా కుదిరింది. ఇప్పుడు గ్రూపులో పెట్టే సూచనల్లో మొదటి లైను ఇదే: దేంట్లో చూడాలనుకుంటున్నారో దాంట్లోనే మొదట తెరవండి. పాట అయ్యాక ఆయన మళ్ళీ ఫోన్ చేసి వెనక్కి తిప్పడం ఎలాగని అడిగారు, లైవ్‌లో ఆ బటన్ లేదని చెప్తే, "మా రోజుల్లో పద్యం మళ్ళీ పాడించుకునేవాళ్ళం, ఇంత టెక్నాలజీ పెట్టుకుని అదీ లేదా" అన్నారు. ఆన్ డిమాండ్ లైసెన్సు ఉంటే అదీ కుదురుతుంది. దానికి ఖర్చు వేరు, అన్ని షోలకీ ఇవ్వరు.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను, అడుగుతారు కాబట్టి. ఆన్‌లైన్ టికెట్ ఒక కుటుంబానికి ఒకటి, ఆ టీవీ ముందు పదిమంది కూర్చున్నా మాకు అభ్యంతరం లేదు, అందుకే హాల్ టికెట్ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. అందులోంచి స్ట్రీమింగ్ లైసెన్సుకి, ప్లాట్‌ఫామ్ ఫీజుకి, కార్డు చార్జీలకి పోగా మిగిలేది వచ్చే ఏడాది షో హక్కులకి, కాస్ట్యూమ్‌లకి, సెట్ కోసం కొనే కలపకి. పిల్ల ఒక్కతే వెనక వరసలో చెట్టు వేషం వేసినా ఇండియాలో నాలుగు ఇళ్ళ నుంచి టికెట్లు కొంటారు మనవాళ్ళు, బూస్టర్ క్లబ్ ట్రెజరర్‌కి ఈ సంగతి ఈమధ్యే అర్థమైంది, ఇప్పుడు ఆయన కాస్టింగ్ లిస్టు రాగానే ఇంటిపేర్లు చూసుకుంటున్నాడు.

ఇక షో అయిపోయాక వచ్చే మెసేజీలు. "ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా, మా కోసమే." ఇవ్వం. గడువు అయ్యాక స్ట్రీమ్ తీసేస్తాం, లైసెన్సు దాచుకోవడానికి ఒప్పుకోకపోతే ఫైలు కూడా చెరిపేస్తాం, నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ముక్కలతో సహా. కొన్ని షోలకి పేరెంట్స్ వ్యక్తిగతంగా రికార్డు చేసుకోవడానికి విడిగా అనుమతి అమ్ముతారు, అది దొరికిన ఏడాది ముందే చెప్తాం, ఆ ఏడాది మీ ఫోన్లు తీసుకుని నిక్షేపంగా రండి, ఫ్లాష్ మాత్రం వద్దు. దొరకని ఏడాది డ్రెస్ రిహార్సల్‌కి ఫోటోలు తీయడానికి ఒకరిని పెడతాం, వాళ్ళ ఆల్బమ్ లింకు పాస్‌వర్డ్‌తో వస్తుంది. ఆ పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టకండి, ఎవరికి కావాలంటే వాళ్ళు నాకు విడిగా మెసేజ్ చేయండి.